అద్దం ఇవతల కూతురు

"ప్రతి మంగళవారం ఎక్కడికి పోతున్నావని అడుగుతున్నాను! బెల్లం కొట్టిన రాయిలా నిలబడితే ఏమనుకోవాలి?"

నాన్న కేకకి ఇల్లు దద్దరిల్లింది. అమ్మ ఉతికిన బట్టలు మడతపెడుతూ, "దర్జీ దగ్గరికి" అంది.

"వారం వారం దర్జీ దగ్గరికా? కుట్టించిన బట్ట ఒక్కటీ ఇంట్లోకి రాలేదే!"

అమ్మ మడతపెట్టిన బట్టలు ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. కొడుకు పోయినప్పటినుంచీ ఆమె అంతే...

పుట్టుకతోనే గుండెజబ్బుతో ఉన్న బుజ్జిగాడు మూడేళ్ల కిందట, అక్కకి ప్రవేశపరీక్ష ఉన్న రోజున, అమ్మ ఆమెకి తోడు వెళ్లిన వేళ చూసి, నాన్న చేతుల్లో కన్నుమూశాడు. ఆ అక్కని ఇంట్లో ఇప్పటికీ అమ్మడనే పిలుస్తారు. అమ్మ ఆమెకి వేళకి అన్నం పెడుతుంది, జ్వరమొస్తే నుదుటిమీద తడిగుడ్డ వేస్తుంది. కళ్లలోకి మాత్రం చూడదు! నా చదువంటే అమ్మకి గిట్టదు కాబోలని అమ్మడు ఎన్నిసార్లు తలగడ తడిపిందో!

ఇప్పుడు ఆమెకి యూనివర్సిటీలో క్లినికల్ సైకాలజీ ఆఖరి ఏడాది. పరిశోధన, బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లుల దుఃఖం మీద. ఎందరో పరాయి తల్లుల ఎదుట కూర్చుని, "మీ బాబు గురించి చెప్పండమ్మా" అని మెత్తగా అడిగే ఆ పిల్ల, కన్నతల్లిని ఒక్కనాడూ అడగలేకపోయింది!

యూనివర్సిటీ క్లినిక్‌లో రెండు గదుల మధ్య ఒక పెద్ద అద్దం ఉంది. బాధ చెప్పుకోవడానికి వచ్చినవాళ్లకి అది అద్దమే. ఇవతల చీకటిగదిలో కూర్చుని పని నేర్చుకునే విద్యార్థులకి మాత్రం కిటికీ. విద్యార్థులు చూడడానికి ఒప్పుకున్నవాళ్లనే ఆ గదికి తీసుకొస్తారు; చూసేది ఎవరో మాత్రం వాళ్లకి తెలియదు. ఆ మంగళవారం ప్రొఫెసరుగారి వెంట లోపలికి వచ్చిన మనిషిని చూసి అమ్మడు కుర్చీలోంచి సగం లేచింది.

అమ్మ!

చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, కుర్చీ అంచున ఒదిగి కూర్చుంది. "మా అమ్మాయి గురించండీ..." అని మొదలుపెట్టింది.

అమ్మడు మళ్లీ కుర్చీలో కూర్చుండిపోయింది. ఇన్నేళ్లుగా ఆ మాటల కోసమే కదా మొహంవాచిపోయింది! ఇంకొక్క మాట... ఒక్కటంటే ఒక్కటి... కానీ అమ్మ చెబుతున్నది తనతో కాదు. రెండు చెవులూ మూసుకుని, చప్పుడు కాకుండా లేచి బయటికొచ్చి, వరండా గోడకి ఆనుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"మంచిపని చేశావమ్మా" అన్నారు తర్వాత, జరిగింది విన్న ప్రొఫెసరుగారు. "ఈ సంగతి మీ అమ్మగారికి నేను చెప్పాలి, చెబుతాను. నువ్వు మాత్రం ఇంట్లో ఎత్తకు."

ఎత్తలేదు. కానీ నాన్న కనిపెట్టేశాడు. "నీకు తెలుసు! నీ మొహమే చెబుతోంది!"

"నన్నడక్కు నాన్నా... అమ్మ ఏ తప్పూ చెయ్యట్లేదు."

"తల్లీకూతుళ్లు ఒకటయ్యారన్నమాట! ఈ ఇంట్లో నేనే పరాయివాణ్ని!" అంటూ కంచం ముందునుంచి లేచిపోయాడు. ఆ తర్వాత వారాల తరబడి కూతురితో మాట్లాడలేదు.

ఒక సాయంత్రం అమ్మ తనంతట తానే వచ్చి కూతురి మంచంమీద కూర్చుంది.

"ఆ రోజు అద్దం వెనకాల ఉన్నావట... వినకుండా లేచిపోయావట. ఎందుకే?"

"నాతో చెప్పాలని నీకు అనిపించినప్పుడు వింటానమ్మా."

అమ్మ పక్కమీది దుప్పటి మడతపెడుతూ అంది. "నీతో చెప్పే ధైర్యం లేకే అక్కడికి పోయాను తల్లీ! ఆ రోజు నువ్వు తోడు రమ్మనకపోతే నా బిడ్డ నా ఒళ్లో పోయేవాడు కదా అనిపించేది నిన్ను చూస్తే... నీ తప్పు లేదని తెలుసు. తెలిసీ కోపం! కన్నకూతురి మీద ఇంత కోపం దాచుకునే తల్లి ఉంటుందా? పాపిష్టిదాన్ని..."

ఆ మాట బాకులా దిగింది. నేర్చుకున్న ఓదార్పు మాటలన్నీ పక్కనపెట్టి అమ్మడు అమ్మకి దగ్గరగా జరిగింది.

"కోప్పడమ్మా... నా పక్కన కూర్చునే కోప్పడు! దూరంగా మాత్రం ఉండకు!"

అమ్మ ఆమె తల గుండెలకి హత్తుకుని భోరుమంది.

గుమ్మంలో నాన్న నిలబడి ఉన్నాడు. ఎంతసేపటినుంచో!

"వాడి దగ్గరున్నది నేను..." అన్నాడు తడబడుతూ. "ఇన్నేళ్లలో నన్నెవరూ అడగలేదు."

అమ్మ కళ్లు తుడుచుకుంది. కాస్త జరిగి, మంచంమీద చోటిచ్చింది.

"చెప్పండి."

ఆయన కూర్చున్నాడు. "పొద్దున పాలు తాగాడు. బాగానే ఉన్నాడు..." అని మొదలుపెట్టాడు. అక్కడ ఆగాడు.

తల్లీకూతుళ్లు ఆయన చెరో చెయ్యీ పట్టుకుని, తొందరపెట్టకుండా ఎదురుచూశారు.