బట్టతలల సగటు

యంత్రం మీద పసుపు దీపం వెలిగి నాలుగు నిమిషాలైంది. లంకపేట మునిసిపల్ హాలులో జనం మెడలు చాచి చూస్తున్నారు. ఒక గుంపులో నలభై వేల బట్టతలలు, రెండో గుంపులో జుట్టున్న మగవాళ్ళు అరవై వేలు. తూకంలో ఉన్నవి మనుషులు కాదు, వాళ్ళ జ్ఞాపకశక్తి మార్కులు.

సముద్రం ముందుకొచ్చి గోదావరి లంకలన్నీ విడివిడి దీవులైపోయిన కాలమది. ఎక్కడికి పోవాలన్నా లాంచీయే దిక్కు. ఏ పాయలో ఇసుకమేట ఎక్కడుందో లాంచీ నడిపే సరంగుకి గుర్తుండాలి. మతిమరుపు మనుషుల చేతుల్లో ప్రాణాలు పెట్టకూడదని డాక్టర్ శశిభూషణ్ ఈ తేడా యంత్రాన్ని తయారుచేశాడు. ఇది రెండు గుంపుల సగటులు తీస్తుంది. వాటి మధ్య తేడా ఊరికే అలా పడిందా, నిజంగానే ఉందా అన్నది తేలుస్తుంది. మార్కులు ఎంత చెదిరి ఉన్నాయో, ఎంతమందిని తూచారో చూసి మరీ చెబుతుంది. నిజమైన తేడా అయితే ఎర్రదీపం. ఆ క్షణం నుంచి సగటు తక్కువ వచ్చిన గుంపులో ఎవరి సంతకమూ, ఎవరి లైసెన్సూ చెల్లవు. ఏ గుంపును తూచాలో వేలిముద్ర వేసి పిటిషన్ పెట్టే హక్కు, దాన్ని వెనక్కి తీసుకునే హక్కు మాత్రం సంతకం చెల్లనివాళ్ళతో సహా అందరికీ ఉంది.

మూడు నెలల కిందట అరవై దాటినవాళ్ళ మీద ఎర్రదీపం వెలిగింది. ఆరు వేల మంది పనులు పోయాయి. వాళ్ళలో సరంగు నూకరత్నం ఒకతె. డెబ్బై ఒకటో ఏట ఆమెకు నూటికి తొంభై నాలుగు మార్కులు.

"నా మార్కులు చూడండి డాక్టరు గారూ," అని అడిగింది అప్పుడు.

"యంత్రం మనిషిని చూడదమ్మా, గుంపును చూస్తుంది," అన్నాడాయన తలెత్తకుండా.

తర్వాత పదకొండు రోజులు తన గది ముందు బెంచీ మీద కూర్చోబెట్టాడు. ఆ పదకొండు రోజుల్లో ఆమె యంత్రం నిబంధనల పుస్తకమంతా చదివేసి, పిటిషన్ రాసింది. బట్టతల వాళ్ళలో వయసు మళ్ళినవాళ్ళే ఎక్కువ. సగటు ఎటు పోతుందో ఆమెకు తెలుసు. డాక్టరు గారికేమో నలభై నిండకుండానే నెత్తి నున్నగా మెరుస్తోంది.

ఎర్రదీపం వెలిగింది. హాలంతా ఘొల్లున నవ్వింది.

శశిభూషణ్ జనాన్ని తోసుకుంటూ ఆమె దగ్గరికొచ్చాడు.

"నూకరత్నం గారూ, నిన్న లెక్క మళ్ళీ చూశాను. పెద్దవాళ్ళ సగటులో తేడా అర మార్కు కూడా లేదు. లక్షలమందిని తూచాం కాబట్టి అంత చిన్నది కూడా యంత్రానికి దొరికింది. నిజమైన తేడా అంటే పెద్ద తేడా అనుకున్నాను. తప్పు నాదే. మీ పనులు తీసేసిన ఉత్తర్వును రద్దు చేసే కాగితం ఇప్పుడే సిద్ధమైంది, ఇదిగో. మూడు నెలల గడువు ఈ రోజుతో సరి, ఐదు దాటితే ఉత్తర్వు శాశ్వతమైపోతుంది."

"అయితే సంతకం పెట్టండి."

"ఇప్పుడు నా సంతకం చెల్లదు కదమ్మా! మీరు పిటిషన్ వెనక్కి తీసుకుని వేలిముద్ర వేస్తేనే చెల్లుతుంది."

గోడ గడియారం మూడున్నర చూపిస్తోంది. పక్కనున్న దుర్గాంబ, తనూ పని పోయిన సరంగే, గబగబా అంది: "వేసెయ్ వదినా! నేను రేవుకెళ్ళి మనవాళ్ళకి చెప్పొస్తాను."

ఆమె వెళ్ళాక నూకరత్నం బెంచీ చూపించింది. "వేస్తాను. ముందు అక్కడ కూర్చోండి. నేను పిలవకుండా నోరు తెరిచారో, వెయ్యనే వెయ్యను."

పావుతక్కువ ఐదుకి లేచి వేలిముద్ర వేద్దామని మనసులో అనుకుంది.

ఆయన కూర్చున్నాడు. జనం మూగారు. "ఏమైందత్తా, మొదటినుంచీ చెప్పు," అన్నారెవరో.

"మొదటి రోజు ఈయనది నీలం గళ్ళ చొక్కా. నన్ను చూసి తలుపేసుకున్నాడు. మూడో రోజు లోపలికి పెసరట్టు వెళ్ళింది."

"ఉప్మా ఉందా అందులో?"

"ఉంది. అల్లం చట్నీ కూడా. వాసన బెంచీదాకా వచ్చింది. మంచినీళ్ళు మాత్రం రాలేదు."

జనం నవ్వారు. నాలుగో రోజు, అయిదో రోజు... ఎవరు ఏమన్నదీ పొల్లు పోకుండా చెప్పింది. చెబుతున్నకొద్దీ కడుపుమంట చల్లారుతున్నట్టుంది. ఒకసారి డాక్టరు గడియారం వైపు చెయ్యెత్తాడు.

"దించండి చెయ్యి. ఆరో రోజు నేనూ అలాగే ఎత్తాను. మీరు చూశారా?"

పదకొండో రోజు ఆయన వేసుకున్న చెప్పుల దగ్గరికి వచ్చేసరికి రేవు సైరన్ మోగింది. ఐదు.

నూకరత్నం ఒక్క ఉదుటున లేచింది. బొటనవేలు గాలిలో అలాగే ఉండిపోయింది. గుమ్మంలో దుర్గాంబ రొప్పుతూ నిలబడింది, వెనక ముప్పై మంది ముసలి సరంగులు.

"వేలిముద్ర వెయ్యలేదా? వదినా... మరిచిపోయావా?"

శశిభూషణ్ ఆమె వైపే చూస్తున్నాడు. ఆ చూపులో కోపం లేదు, జాలి ఉంది. నూకరత్నం వేలు ముడిచేసింది.

"మరుపా? నాకా? కావాలనే వెయ్యలేదు."

దుర్గాంబ ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. తర్వాత ఆమెను అక్కడే వదిలి, మిగతావాళ్ళతో కలిసి రేవు వైపు నడిచింది.