శుక్రవారం ఫోన్లు

ధీరజ్ కనిపించకుండా పోయాడు.

గ్రీస్‌లో పైలట్ ట్రైనింగ్‌లో ఉన్న కుర్రాడు. యూరప్ కమర్షియల్ లైసెన్స్‌కి ఆఖరి స్కిల్ టెస్ట్ ఎప్పుడో కనుక్కుందామని సోమవారం తండ్రి బాపిరాజు ఫ్లయింగ్ స్కూల్‌కి ఫోన్ చేశాడు.

"అతను ఫిబ్రవరిలోనే మానేశాడు," అన్నారు వాళ్లు.

ఇది సెప్టెంబర్. మొన్న శుక్రవారం కూడా వీడియో కాల్‌లో నవ్వుతూ మాట్లాడాడు మరి.

'ఎక్కడున్నావురా?' అని మెసేజ్ పెట్టాడు బాపిరాజు. బ్లూ టిక్ వచ్చింది. ఆ వెంటనే ఫోన్ స్విచాఫ్. పిల్లాడు ఏ అఘాయిత్యం చేసుకున్నాడోనని ఇంటిల్లిపాదికీ అన్నం దిగలేదు.

మర్నాడు సౌదీలో, రాస్ తనూరాలోని వాళ్ల ఫ్లాట్‌కి రఫీ వచ్చాడు. ఒకప్పుడు భీమవరంలో క్రైమ్ ఎస్సై. ఇప్పుడు బాపిరాజు కంపెనీలో సెక్యూరిటీ ఇన్వెస్టిగేటర్. టీ ముట్టకుండానే మొదలుపెట్టాడు.

"ఇంట్లో గొడవలేమైనా?"

"లేవండి."

"ఆరోగ్యం?"

బాపిరాజు వెంటనే అందుకున్నాడు. "రాయిలా ఉంటాడండి. చిన్నప్పట్నుంచీ అంతే."

చిన్నప్పటి సంగతి ఎవరూ అడగలేదు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడం ఇదే. రఫీ అతని వంక ఒక్క క్షణం ఎక్కువ చూసి, కూతురు ఉజ్వల వైపు తిరిగాడు.

"అన్నయ్య ఫోన్లు ఎప్పుడు చేసేవాడమ్మా?"

"శుక్రవారం మధ్యాహ్నం, అంకుల్."

"మొదట్నుంచీనా?"

"మొదట్లో ఆదివారం. ఈ మధ్యే మా సెలవు చూసుకుని మార్చాడు."

"మామీద వాడికంత ధ్యాసండి," అని తల్లి అలివేలుమంగ కళ్లు ఒత్తుకుంది.

శుక్రవారం పొద్దున్నే రఫీ మళ్లీ వచ్చాడు. ముగ్గుర్నీ కూర్చోబెట్టాడు.

"మీవాడు క్షేమంగా ఉన్నాడు. రియాద్‌లో. అక్కడి సులై ఏరియాలో ఒక గోడౌన్ సూపర్‌వైజర్."

"సౌదీలోనా? మీకెలా తెలిసిందండి?"

"యూరప్‌లో శుక్రవారం పని దినం. ఆ మధ్యాహ్నం ట్రైనింగ్ వదిలేసి ఎవరు గంటలు గంటలు మాట్లాడతారు? సెలవు మీది కాదండీ, వాడిదే. మనందరికీ శుక్రవారం సెలవు అలవాటైపోయి ఎవరికీ అనుమానం రాలేదు. శుక్రవారం సెలవంటే గల్ఫే అనుకుని ఇక్కడి తెలుగువాళ్ల గ్రూపుల్లో ఫోటో పెట్టాను. రియాద్‌లో ఒకాయన గుర్తుపట్టాడు. రాత్రి వాడితో మాట్లాడాను."

"ఎందుకు మానేశాడట?" అంది అలివేలుమంగ.

రఫీ బాపిరాజు వైపు చూశాడు.

"డాక్టర్ దగ్గరికి తనే వెళ్లి ఏదో చెప్పేశాడట. పైలట్‌కి ఉండాల్సిన మెడికల్ సర్టిఫికెట్ పోయింది. ఆ చెప్పిందేమిటో నాకూ చెప్పలేదండి. 'అమ్మకి నిజం చెబితే నాన్న పేరు చెప్పాలి, అందుకే దాక్కున్నాను' అన్నాడు."

బాపిరాజుకి తల ఎత్తాలనిపించలేదు. కన్నకొడుకు తనని కాపాడటానికి ఏడు నెలలు దొంగలా బతికాడు.

"ఏడో తరగతిలో వాడికి ఫిట్స్ వచ్చాయి కదా," అన్నాడు భార్యతో, నేల చూస్తూ. "పైలట్ మెడికల్‌లో డాక్టర్ అడిగితే, ఎప్పుడూ రాలేదని చెప్పమన్నాను. ఎవడికి తెలుస్తుందిలే అన్నాను. వాడు వద్దంటున్నా వినలేదు."

అలివేలుమంగ ఏడవలేదు. తిట్టలేదు. లేచి, తలుపు వెనక కొక్కేనికున్న, బయటికెళ్లేటప్పుడు వేసుకునే అబాయా తీసి తొడుక్కుంది.

"కారు తియ్యండి," అంది. "ఆ మాట వాడి ఎదురుగా చెబుదురుగాని. ఇవాళ శుక్రవారం. వాడికి సెలవు."