కార్డు ముక్క మీద టాప్ సీక్రెట్

"ప్రొఫెసర్ చెంచురామయ్య," అంటూ చీఫ్ ఒక ఫోటోను బల్ల మీదికి తోశాడు. "దొరవారిసత్రం పక్కన, ఉప్పునీటి సరస్సు ఒడ్డున రీసెర్చి స్టేషన్. ఉప్పునేలలో వరి పండించే పద్ధతి కనిపెట్టాడు. ఓ విదేశీ ముఠా దానిమీద కన్నేసింది."

"కాపీలెన్ని?" అడిగాడు ఏజెంట్ పరంజ్యోతి.

"ఒకటే ఫైలు. ఇనప్పెట్టెలో. తాళంచెవి ఆయన మొలతాడుకి."

"స్టూడెంట్లకు చెప్పలేదా?"

"చెబితే వాళ్ళూ ప్రొఫెసర్లైపోతారని భయం. అక్కడ మన మనిషి మిస్ షీలా రీసెర్చి అసిస్టెంటుగా ఉంది. కోడ్‌వర్డ్: 'సరస్సులో రొయ్యలు పడుతున్నాయా?'"

అది 1964. పరంజ్యోతి అటెండరు వేషం వేశాడు. అంతకుమించిన మారువేషం లేదు. అటెండరు మొహం వంక చూసిన మేధావి మన విద్యాలయాల్లో ఇంకా పుట్టలేదు. మూడు వారాలపాటు కాఫీలు మోశాడు. జేబులోని సిగరెట్ లైటర్‌లో కెమెరా ఉంది గాని, ఫోటో తీయదగినది అక్కడేమీ కనబడలేదు. ప్రొఫెసరు గది తలుపు మీద 'ప్రవేశం లేదు' అన్న బోర్డు ఒక్కటే ఆ స్టేషన్‌లో ఏటా కొత్త రంగు వేయించుకునేది.

షీలా మాత్రం ఆ దుమ్ములో కూడా నల్లకళ్ళద్దాలు, సిల్కు చీర, చేతిలో వానిటీ బ్యాగు. "రొయ్యలు పడుతున్నాయి," అని కోడ్‌వర్డుకు బదులు చెప్పి చల్లగా నవ్వింది.

శుక్రవారం ఉదయం ఆమెను కాపలా ఉంచి పరంజ్యోతి టిఫినుకు వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఇనప్పెట్టె తాళం బద్దలై బార్లా తెరిచి ఉంది, ఫైలు లేదు. "ఎవడో మత్తుమందు వాసన చూపించాడు," అంది షీలా కణతలు నొక్కుకుంటూ.

మధ్యాహ్నం పోస్టాఫీసుకు చీఫ్ ట్రంకాల్ వచ్చింది. "ఫైలు మద్రాసు చేరింది. ఐదింటికి ముఠా లాయరు పేటెంటుకు దరఖాస్తు పెడతాడు."

"పట్టుకోండి."

"దరఖాస్తు పెట్టడం నేరం కాదయ్యా. అంతకుముందే పద్ధతి లోకానికి తెలిసిపోతేనే అది చిత్తుకాగితం. లేకపోతే మన రైతు తన వడ్లు నానబెట్టుకోవడానికి కూడా వాళ్ళ పర్మిషన్ అడగాలి!"

పరంజ్యోతి పరుగున వచ్చి ప్రొఫెసర్‌ను బతిమాలాడు. "పద్ధతి చెప్పండి సార్. ఐదింటిలోగా అందరికీ చాటకపోతే అది విదేశీ దొరలదైపోతుంది."

"కూలీల ముందరా? బి.ఎస్సీ. కుర్రాళ్ళ ముందరా?" చెంచురామయ్య ఒళ్ళు మండిపోయింది. "నా పదేళ్ళ కృషి!"

దొంగ తీసుకెళ్తే ఫరవాలేదు, శిష్యుడికి దక్కితేనే ఆయనకు కడుపుమంట. అంత చదువూ ఆయనలో మిగిల్చింది ఇదీ. పరంజ్యోతికి అసహ్యం వేసింది.

గుమ్మం దగ్గర గంప దించుతున్న కూలీ మస్తానమ్మ తలెత్తింది. "నేను చెప్తా అబ్బయ్యా. ఏటేటా విత్తనం నానబెట్టేది నేనే గదా."

ప్రొఫెసర్ నోరు తెరుచుకుంది. ఇనప్పెట్టెకు తాళం వేసిన మహానుభావుడు, పని చేసే చేతుల్ని లెక్కలోకే తీసుకోలేదు!

"ఒక కడవ సరస్సు నీళ్ళకి మూడు కడవలు మంచినీళ్ళు. ఒక్కపూటే నానాల. నీడన ఆరబెట్టి చల్లాల."

"తప్పు!" ప్రొఫెసర్ అరిచాడు. "మూడు రోజులని ఫైల్లో రాశాను!"

"అట్టజేస్తే మొదటేడు కుళ్ళిపొయ్యినాయి సామీ. ఆమీట ఒక్కపూటకే తీసేసినా. మీరు అడగలా, నేను చెప్పలా." ఆమె గంపను పక్కకు నెట్టింది. "నాకూ అరెకరం ఉప్పునేల ఉండాది. దొరలు కాదంటే నేనేం జల్లుకోవాల?"

పరంజ్యోతి స్టూడెంట్లను పోస్టాఫీసుకు తోలుకెళ్ళాడు. నలభై కార్డులు, నలభై కాలేజీలు. ఐదింటిలోగా తేదీ, టైము ముద్ర పడితే అదే సాక్ష్యం. ఏ కవరూ లేదు. దారిలో ఎవరైనా చదువుకోవచ్చు. బయట అరుగు మీద నిలబడి మస్తానమ్మ అదే సంగతి రైతులకు గొంతెత్తి చెబుతోంది.

ఐదుకు నాలుగు నిమిషాలుంది. "కార్డులు ఇటివ్వు," అంది షీలా. వానిటీ బ్యాగులోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది.

"ముఠాకు పనిచేసేది కూడా నువ్వేనా?"

"ఇద్దరికీ నేనే."

కిటికీ వెనక పోస్టుమాస్టరు కామాక్షయ్య తలెత్తలేదు. "లైన్లో రామ్మా," అని విసుక్కుని ధన్, ధన్ అంటూ ముద్రలు కొడుతున్నాడు.

"కార్డులు చించుతావు సరే," అన్నాడు పరంజ్యోతి. "బయట ఎనభైమంది విన్నారు. నీ దగ్గర గుళ్ళెన్ని?"

షీలా కిటికీలోంచి చూసింది. రైతులు ఆ మూడు ముక్కలూ అప్పుడే పక్కవాళ్ళకు చెబుతున్నారు. ఆమె చెయ్యి దిగిపోయింది. నలభయ్యో ముద్ర పడేసరికి గడియారం ఐదుకు ఒక నిమిషం తక్కువ చూపిస్తోంది.

మర్నాడు చీఫ్ ఫోన్లో నవ్వాడు. "మూడు రోజుల పద్ధతికి దరఖాస్తు పెట్టుకున్నారు. వాళ్ళ వడ్లు కుళ్ళనీ."

షీలాను జీపెక్కించాక ప్రొఫెసర్ అటెండరును పక్కకు పిలిచాడు. మూడు వారాల్లో మొదటిసారి అతని మొహం వంక చూశాడు. "ఆ మస్తానమ్మ సంగతి... బయటికి పొక్కకూడదు. టాప్ సీక్రెట్."

"ఆలస్యమైంది సార్," అన్నాడు పరంజ్యోతి, లైటర్ వెలిగిస్తూ. "నలభై కార్డుల మీదా మొదటి లైను ఆవిడ పేరే."