గోడలో పూడ్చిన నీడ

సూర్యాస్తమయం... నీడలు మనుషుల్ని మించి సాగే భయంకర ఘడియ! భూకంపం బుకారెస్ట్ నగరాన్ని కుదిపేసి నెల కావస్తున్నా, కూలిన మేడల ధూళి ఇంకా గాలిలోనే ఉంది. శిథిలాల మీద గుడ్లగూబ వికృతంగా కూసింది. కూలకుండా మిగిలిన ఓ ఆరంతస్తుల మేడ పడమటి గోడకు పునాది నుంచి కప్పు దాకా కరాళమైన పగులు! మేస్త్రీ జాంఫిర్ దాన్ని సున్నంతో కప్పి మమ అనిపించాడు.

ఆ మేడ కింది వాటాలో అగ్లాయా కూతురు సాండా మంచాన పడి ఉంది. మొన్నటిదాకా మెట్ల మీద గెంతిన పిల్ల! ఇప్పుడు తెల్లగుడ్లు తేలేసి, తనది కాని బొంగురు గొంతుతో అరుస్తోంది.

"మొయ్యలేనే అమ్మా! మేడంతా నా మీదే ఉందే! దించవే!"

అగ్లాయా భయంతో దీపం దగ్గరికి తెచ్చింది. గోడ మీద మంచం నీడ పడింది... దుప్పటి నీడ పడింది... సాండా నీడ లేదు!

అమ్మమ్మ చెప్పిన పాత తాపీవాళ్ళ క్షుద్రాచారం గుర్తొచ్చింది. గోడ నిలవకపోతే బతికున్న మనిషి నీడను తాడుతో కొలిచి, ఆ తాడును ఓ పుర్రెకు చుట్టి గోడలో పూడుస్తారు. గోడ నిలుస్తుంది. నీడ పోయిన మనిషి నలభై రోజుల్లో చచ్చిపోతుంది. ఆ మధ్య పెరట్లో సాండా వెనక జాంఫిర్ తాడు పరచడం ఆమె కళ్ళారా చూసింది. ఏదో గోడ కొలత అనుకుంది, పిచ్చితల్లి!

భయం ఎగిరిపోయింది. ఒళ్ళు భగ్గుమంది. ఇనుము వేసి నిలబెట్టాల్సిన గోడకు పిల్లను మేపుతాడా! గొడ్డలి పట్టుకుని పడమటి గోడ దగ్గరికి పరుగెత్తింది. తెరిచిన సందుకు ఎదురుగా నిలబడితే మన నీడనూ మింగుతుందని అమ్మమ్మ అనేది. అందుకే పక్కకు ఒదిగి నిలబడి కొట్టింది. సున్నం పెళ్ళలు రాలాయి. వాటితో పాటు ఓ కపాలం దొర్లింది... దాని చుట్టూ తాడు!

"ఏయ్! ముట్టుకోకు!" జాంఫిర్ నిప్పులు కక్కుతూ వచ్చాడు. "ఆ తాడు తెంపావంటే మేడ కూలుద్ది! ఒక్క పిల్ల పోతే ఇంతమంది బతుకుతారు. నోర్మూసుకుని ఇంట్లోకి పో!"

"అంత ధర్మాత్ముడివైతే నీ నీడే పెట్టుకోలేకపోయావేంరా, దొంగసచ్చినోడా! నా పిల్లే దొరికిందా నీకు!"

గొడ్డలి దిగింది. తాడు తెగింది!

నేల అడుగున ఉరుము... భూమాత ఘోరంగా మూలిగింది! జాంఫిర్ కోపంతో కళ్ళు మూసుకుపోయి, ఏ తాపీవాడూ మరవని జాగ్రత్త మరిచి, సందుకు ఎదురుగా ఉరికాడు. వెనక అస్తమిస్తున్న సూర్యుడు. అతడి నీడ నిలువునా పగుల్లో పడింది!

అంతే... కాళ్ళు కదల్లేదు. "బరువు! మొయ్యలేను! దించండి!" అంటూ మోకాళ్ళ మీద కూలాడు. నేల మరోసారి కదిలింది. పైనుంచి ఇటుకలు విరుచుకుపడి అతణ్ణి కప్పేశాయి. మేడ ఊగింది గానీ కూలలేదు.

"అమ్మా, ఆకలేస్తోందే..." లోపలినుంచి సాండా సొంత గొంతు! అగ్లాయా బావురుమని ఏడుస్తూ పోయి మొక్కజొన్న సంకటి కలిపింది.

మర్నాడు మేడ చూసుకునే అధికారి మరో తాపీవాణ్ణి పంపాడు. "పగులు అసహ్యంగా ఉందంటమ్మా. సున్నం కొట్టి రమ్మన్నారు."

అగ్లాయా గొడ్డలితో అడ్డం నిలబడింది. "ఇనుము తీసుకురమ్మను. అందాకా ఎవడూ చెయ్యి వెయ్యడు. ఆ పగులు అందరికీ కనబడాల్సిందే!"

వాడు తన నీడ ఎక్కడ పడుతోందో చూసుకున్నాడు. బకెట్టు అక్కడే వదిలేసి వెళ్ళిపోయాడు.