అందరికీ కావలసిన గోల్‌కీపర్

టీమ్‌లో గోల్‌కీపర్‌ని అందరూ ‘బంగారం’ అని పిలిచేవారు. పిలవరూ మరి! గోల్ పడగానే చెయ్యెత్తి, తప్పు నాదేనని ఒప్పేసుకునేవాడు ఎవరికి చేదు? డిఫెండర్ బంతిని గాలికొదిలేసి జుట్టు సవరించుకుంటూ నిలబడ్డా సరే, చెయ్యెత్తేది మాత్రం మన బంగారమే. ఆటగాళ్లు ఓట్లేసి ఇచ్చే ‘మంచి తోటివాడు’ కప్పు మూడేళ్లుగా అతనింట్లోనే ఉంది.

మ్యాచ్ మర్నాడు వీడియో గదిలో ఒక్కో గోల్ ఆపి, తప్పెవరిదో తేల్చడం ఆ క్లబ్ పద్ధతి. ఈ ఏడు వీడియో చూపించడానికి కొత్తమ్మాయి వచ్చింది. మొదటి గోల్‌కే అలవాటు ప్రకారం మనవాడు చెయ్యెత్తాడు.

“చెయ్యి దించండి. మీ ముందున్న ముగ్గురూ ఎటు చూస్తున్నారో చూడండి,” అంది.

ఆ ముగ్గురూ నేల చూపులు చూశారు. హాయిగా ఉన్నవాళ్ల మధ్య గొడవలెందుకండీ అని తర్వాత అతను గొణిగితే, మీరు మంచివారని వీడియో మార్చలేను కదా అని నవ్వేసింది. అంతే, మనవాడు పడిపోయాడు. గోల్‌పోస్ట్ ముందు ఎంతో పడ్డాడు గానీ, ఇలా లేవలేనట్టు పడటం ఇదే మొదలు. రోజూ ఏదో వంకతో ఆ గదికి వెళ్లేవాడు. ఆమె కూడా అతని కోసం రెండో కుర్చీ ఖాళీగా ఉంచేది.

ఇంతలో కెప్టెన్ వచ్చి భుజం మీద చెయ్యేశాడు. ఆ అమ్మాయిని పెళ్లి చేసుకోవాలనుందట, బంగారం చెబితే వింటుందట. కాదనడం చేతకాని మనిషి, తలూపేశాడు. వెళ్లి కెప్టెన్ ఎత్తూ, ఆటా, వాళ్లమ్మ మంచితనం, అన్నీ ఏకరువు పెట్టాడు.

ఆమె మొహం వాడిపోయింది. “ఇందులో మీ ఇష్టం ఎక్కడుంది?”

“కెప్టెన్ బాధపడతాడండీ.”

“ఆదివారం మా నాన్న వస్తున్నారు. నచ్చినవాణ్ణి చూపించమన్నారు. కెప్టెన్‌ని కాదని చెప్పేస్తాను. మీ సంగతి మీరే తేల్చుకోండి.”

ఆ రోజు అతనికి అన్నం సయించలేదు. మర్నాడు డ్రెస్సింగ్ రూమ్‌లో అందరూ వింటుండగా కెప్టెన్ ఎదురుగా నిలబడ్డాడు.

“నీ మాట చెప్పాను. నువ్వొద్దంది. అసలు నీ తరఫున వెళ్లడమే నా బుద్ధి తక్కువ. ఆ అమ్మాయంటే నాకు ప్రాణం.”

కెప్టెన్ సంచి తీసుకుని బయటికి నడిచాడు. వెనకే మిగతావాళ్లూ. మూడేళ్ల ప్రేమ బూట్లు విప్పేలోపు ఆవిరైపోయింది. బస్సులో పక్కన కూర్చునే నాథుడు లేడు.

ఆదివారం క్లబ్ క్యాంటీన్‌లో ఆమె తండ్రి అతన్ని ఎగాదిగా చూశాడు.

“టీమంతా మీవాళ్లేనని అమ్మాయి చెప్పింది. ఎవరూ వెంట రాలేదేం?”

“ఎవరూ మాట్లాడటం లేదండీ. మీ అమ్మాయి నాకు కావాలన్నాను, అందుకు.”

పెద్దాయన కూతురి వైపు తిరిగాడు.

“పదిమందిని వదులుకుని వచ్చాడమ్మా. ఉత్త చేతులతో పంపిస్తే మనకి పాపం.”

ఆమె కళ్లు తుడుచుకుని, తండ్రి పక్కనుంచి లేచి వచ్చి అతని పక్కన కూర్చుంది.