కొత్తపేట కొస ఇల్లు

గద్వాల కొత్తపేటలో కొస ఇంటి మాటెత్తితే ఇప్పటికీ జనం గొంతు తగ్గిస్తారు. పేట అన్ని దిక్కులా పెరిగింది గానీ, ఆ ఇంటి దగ్గరికొచ్చేసరికి పక్కకు తిరిగిపోయింది. ఆ ఇల్లు దాటి ఇంకో గోడ లేవలేదు.

జర్మనీ లడాయి జరుగుతున్న రోజుల్లో సంగతట ఇది. అప్పటిదాకా నేతగాళ్ళంతా కోటలోపలి ఇరుకు సందుల్లోనే ఉండేవాళ్ళు. వానొస్తే మగ్గం గుంటల్లోకి నీళ్ళు. అందుకని కోట బయట జొన్నచేలు చదును చేసి జాగాలు పంచుకున్నారు. ఒక్కో ఇల్లే లేచింది. అన్నిటికన్నా మంచి జాగా కొసన ఉన్నది — గాలి, వెలుతురు, పడుగు నూలు బారుగా చాపుకోవడానికి పొడుగాటి వాకిలి. అది రేణుకమ్మ మొగుడి వంతుకొచ్చింది.

ఆమె తోడికోడలు అనంతమ్మకు కడుపు మండిపోయింది. పెద్దకోడలు తాను! తనకేమో చీకటి సందు... నిన్నగాక మొన్న కాపురానికొచ్చినదానికి గాలీ వెలుతురూనా! అన్నం సయించలేదు. చివరికి ఒకనాడు చేదబావి దగ్గర మెల్లగా ఒక మాట వదిలింది.

"ఆ కొస ఇంట్ల అమాసకు మగ్గం ఆడుతదంట... మనిషి మాత్రం ఉండడంట."

అమావాస్యనాడు నేతగాళ్ళు మగ్గం ముట్టరు. మరి ఆడేది ఎవరో విన్నవాళ్ళే ఊహించుకున్నారు. మాట పేటంతా తిరిగి, కాళ్ళూ చేతులూ మొలిచి అనంతమ్మ దగ్గరికే తిరిగొచ్చింది. రేణుకమ్మ మొగుడు బెదిరి గృహప్రవేశం ఆపేశాడు. కట్టిన ఇంటికి తాళం పడింది. ఇంకొన్నాళ్ళు పోతే వాళ్ళే వదులుకుంటారు, అప్పుడు శాంతి చేయించి తాను దిగొచ్చు... అనంతమ్మ ఎత్తు అది.

ఒక అమావాస్యనాడు దీపాలు పెట్టాక అనంతమ్మ ఆ ఇంటివైపు నడిచింది. తన నోట పుట్టిన దయ్యానికి తనకేం భయం! మగ్గం ఏ మూలన దింపాలో, పొయ్యి ఎక్కడ వేయాలో కిటికీలోంచైనా చూసుకుందామని ఆశ. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

వాకిట్లోకి వచ్చింది... ఆగింది.

టక్... టక్...

మగ్గం చప్పుడే.

భయం వేయలేదు — ఒళ్ళు మండింది. ఎంత మాయలాడి ఈ రేణుకమ్మ! ఎవరూ ఇటు రారని చాటుగా మగ్గం దింపేసిందన్నమాట. అదీ అమావాస్యనాడు! ఇప్పుడు పట్టుకుని పెద్దమనుషుల ముందు నిలబెడితే, ఈ ఇల్లు ఎట్లా దక్కుతుందో చూద్దాం.

గోడ వెంబడి చప్పుడు కాకుండా తలుపు దాకా పోయింది. తలుపు పక్కన, చీకట్లో ఎవరో నిలబడి ఉన్నారు. కొంగు చాటున చిన్న దీపం.

రేణుకమ్మ.

"దొరికినవ్!" పళ్ళు కొరికింది అనంతమ్మ. "అమాసనాడు మగ్గమా? సిగ్గు లేదానే నీకు?"

"నేనా?" రేణుకమ్మ గుసగుసగా అంది. "గా మాట పుట్టించింది నువ్వని నాకెరికే అక్కా. ఇయ్యాల అమాస గదా... నువ్వే వచ్చి మగ్గం చప్పుడు చేస్తవ్, పట్టుకుందామని వచ్చిన. చప్పుడు ఇని నువ్వే ఎట్లనో లోపలికి దూరినవనుకున్న."

"నేను ఈడ్నే ఉన్న గదనే..."

"నేను గూడ ఈడ్నే ఉన్న..."

టక్... టక్...

దీపం వెలుగు తలుపు మీద పడింది. వేసిన తాళం వేసినట్టే ఉంది. తాళంచెవి రేణుకమ్మ బొడ్లోనే ఉంది.

అనంతమ్మ తాళాన్ని తడిమి చూసింది. "మరి... మగ్గం ఎప్పుడు దింపినవే?"

"మగ్గం ఏడిదక్కా..." అంది రేణుకమ్మ. "గుంట గూడ తవ్వలే."

ఇల్లు కట్టినప్పటినుంచీ మొహాలు చూసుకోని తోడికోడళ్ళు ఒకరి చెయ్యి ఒకరు గట్టిగా పట్టుకున్నారు.

లోపల చప్పుడు ఆగింది... తెగిన పోగుకు ముడి వేసుకునేంతసేపు.

తర్వాత మళ్ళీ మొదలైంది.