లాస్యక్క చివరి సాయంత్రం

2084 నాటికి విశాఖ ఆఫీసుల్లో పెద్ద అధికారులు ఆవులించడం మానేశారు. ఉదయం ఏడింటికి కుర్చీలో కూర్చున్న మనిషి చీకటి పడేదాకా అదే ముఖంతో, అదే గొంతుతో పనిచేసేవాడు. అందుకు కారణం శ్రమహారిణి అనే యంత్రం.

ఇంగ్లీషులో దాన్ని ఫెటీగ్ ట్రాన్స్‌ఫర్ యూనిట్ అనేవారు. పనిచేసేకొద్దీ మెదడులో పేరుకునే అలసటకు ఒక విద్యుత్ ఆకృతి ఉంటుంది. తలకు పెట్టుకున్న పట్టీ ఆ ఆకృతిని చదివి, ఒక మెదడులో చెరిపేసి, మరో మెదడులో రాస్తుంది. అలసటను పూర్తిగా మాయం చేయడం మాత్రం ఏ శాస్త్రజ్ఞుడికీ చేతకాలేదు. ఒకరి నుంచి తీస్తే ఇంకొకరు మోయవలసిందే.

ఓడల రాకపోకలు చూసే ఒక కార్యాలయంలో డైరెక్టర్ తేజోవర్ధన్ అలసటను పన్నెండుమంది ఉద్యోగులు మోసేవారు. రోజూ నాలుగింటికి, పది నిమిషాల టీ విరామంలో, పట్టీలు పెట్టుకుని తలా కొంత పంచుకునేవారు. ఉద్యోగంలో చేరేటప్పుడే ఆ మేరకు సంతకం తీసుకునేవారు. యంత్రాన్ని నడిపే ఇంజినీరు మేధిని. మోసేవాళ్లలో ఆమె కూడా ఒకతె.

వాళ్లందరిలోకీ పెద్దది లాస్య. మేధినికి పని నేర్పింది ఆవిడే. ఏప్రిల్‌లో ఇద్దరు సెలవు పెడితే వాళ్ల వాటాలు కూడా లాస్య మీదే వేయమన్నాడు డైరెక్టర్. మూడో రోజు ఆవిడ మేధిని చెయ్యి పట్టుకుంది.

“ఏటోనే, కళ్లు తెరిచే ఉన్నాను గానీ ఏటీ కనబడ్డం లేదు. ఈ ఒక్క రోజుకీ వదిలెయ్యమని సారుని అడగవే.”

మేధిని వెళ్లి అడిగింది.

“నాలుగున్నరకి నాకు మీటింగుంది,” అన్నాడు తేజోవర్ధన్, తెర మీంచి చూపు తిప్పకుండా. “ఇంటికెళ్లి పడుకోమను.”

మేధిని తన చేతులతోనే లాస్య తలకు పట్టీ పెట్టింది. ఆ సాయంత్రం మెట్లు దిగుతూనే లాస్య నిద్రలోకి జారి, కిందికి దొర్లిపోయింది. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది. మర్నాడు ఆఫీసులో రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఆ రెండు నిమిషాలనూ డైరెక్టర్ టీ విరామంలో తగ్గించాడు.

మిగిలిన ఎనిమిది నిమిషాలూ మేధిని యంత్రం వైపే చూస్తూ కూర్చుంది. అలసట ఎటు నుంచి ఎటు పోవాలో చెప్పేది తన వేళ్లే కదా అనుకుంది.

సోమవారం నాలుగింటికి ఆమె దిశ మార్చింది. పదకొండుమంది అలసటా డైరెక్టర్ తలలోకి వెళ్లింది. నాలుగున్నర మీటింగులో అతను మాట మధ్యలో ఆగిపోయి, ఎదురుగా ఉన్నవాళ్ల పేర్లు మరిచిపోయాడు. వైద్యులు పరీక్షించి జబ్బేమీ లేదన్నారు. పట్టీ పెట్టుకుంటే తేలికపడతానని నమ్మిన మనిషి, మంగళవారం పావుగంట ముందే వచ్చి కూర్చున్నాడు. బుధవారం అరగంట ముందు వచ్చాడు. “తొందరగా కానివ్వు మేధినీ,” అని బతిమాలాడు. ఆ ఆత్రం చూస్తుంటే ఆమెకు కడుపు నిండినట్టుండేది.

సంగతి మిగతావాళ్లకు చెప్పింది. ఎవరూ దాన్ని డైరెక్టర్ చెవిన వేయలేదు.

శనివారం నాటికి అతను గోడ పట్టుకుని నడుస్తున్నాడు. ప్రతి ఒక్కరి ఆకృతీ ఏ రోజుకారోజు యంత్రం జ్ఞాపకంలో భద్రంగా ఉంటుంది. మేధిని ఆ రోజు లాస్య చివరి సాయంత్రాన్ని బయటికి తీసి అతనికి ఎక్కించింది.

తేజోవర్ధన్ కుర్చీలోంచి నేల మీదికి జారాడు. “ఏం చేశావు? ఏమీ కనబడటం లేదు నాకు.”

“ఇది లాస్యక్కది సార్. ఇంత బరువుతో ఆవిడ మెట్లు దిగింది. మిమ్మల్ని నేను దిగమనలేదు.”

“ఆపు. ఈ ఒక్క రోజుకీ ఆపు.”

“నేనూ ఒక్క రోజే అడిగాను.”

అతను నేల మీద కూర్చునే, మేధిని ముందుంచిన రెండు కాగితాల మీద సంతకం చేశాడు. ఒకటి రాజీనామా. రెండోది, శ్రమహారిణిని ఆ కార్యాలయం నుంచి శాశ్వతంగా తొలగించాలన్న ఉత్తర్వు.

మేధిని ఆ ఉత్తర్వును హాల్లోకి తెచ్చి అందరి ముందూ చదివింది.

చదవడం అయ్యాక రుత్విక్ లేచాడు. ఇరవై ఏళ్లుగా లాస్య పక్క బల్ల దగ్గర పనిచేసినవాడు. “తియ్యడం దేనికమ్మా? ఈ వారమంతా ఇంటికెళ్లి మనిషిలా ఉన్నాను. మా ఆవిడతో కూర్చుని మాటాడతన్నాను.”

“మరి మన అలసట ఎవరు మోస్తారు? ఆయన వెళ్లిపోయాడు కదా,” అంది మేధిని.

“సోమవారం ఇద్దరు కొత్తోళ్లు చేరతన్నారు. సంతకాలు కూడా అయిపోయాయట.”

తక్కినవాళ్లు తలలూపారు. ఆ మాట వాళ్లు ముందే అనుకున్నారని మేధినికి అర్థమైంది.

“లాస్యక్కని చూశాక కూడానా?”

“చూశాం కాబట్టే,” అన్నాడు రుత్విక్ మెల్లగా. “అలా పోవడం మావల్ల కాదమ్మా.”

ఆమెకు వాళ్ల ముఖాన ఉమ్మాలనిపించింది. కాని ఆ ఆరు రోజులూ తను కూడా తేలికపడిన ఒంటితో బీచి రోడ్డు మీద నడిచింది, చదవడం మానేసిన పుస్తకాలు తెరిచింది. ఎల్లుండి నుంచి తన బరువు తనే మోసుకుంటూ ఇల్లు చేరాలి.

ఉత్తర్వును నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. యంత్రం ముందు కూర్చుంది.

“ఆ కొత్తవాళ్ల పేర్లు చెప్పండి,” అంది.